తరుగు తీసిన కారు

మా ఆయన రేసు కారు కడతానని చెప్పిన రోజు నేను పెరట్లో కూర్చుని చేపలు తోముతున్నాను. చేతిలో కత్తి ఉన్న ఆడదాని దగ్గరికొచ్చి ఎవడైనా అలాంటి మాట చెబుతాడా? ఈయన చెప్పాడు. కారు కొనడం విన్నాను, అమ్మడం విన్నాను, తీసుకెళ్ళి కల్వర్టుకి గుద్దడం విన్నాను గాని, కట్టడం మాత్రం అప్పుడే విన్నాను. నేనేమీ అనకుండా చేపని రెండో వైపు తిప్పాను. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. ఆయన దాన్ని పూర్తి అంగీకారం కింద జమ కట్టేసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆయన నాకు మేనత్త కొడుకు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ బావా అని పిలిచినదాన్ని, పెళ్ళయిందని పిలుపు మార్చుకోలేదు. నన్ను అప్పా అని పిలిచే నా తమ్ముడూ ఆయన్ని బావా అనే అంటాడు. ఆమదాలవలసలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో బావ నూర్పిడి మిషన్లు, పవర్ టిల్లర్లు, నీటి మోటార్లు బాగుచేస్తాడు. బాగైన సరుకుని ఊళ్ళకి చేరవేసే చిన్న గూడ్సు బండి నేను నడుపుతాను. ఊళ్ళో మగవాళ్ళు దాన్ని కొన్నాళ్ళు వింతగా చూశారు. ఒకరిద్దరికి దుమ్ము కొట్టాక చూడటం మానేశారు.

బావ కోరిక పెద్దదేం కాదు, వింటే నవ్వొస్తుంది. తన చేత్తో కట్టిన బండిలో తనే కూర్చోవాలి. మేక, గేదె, స్పీడు బ్రేకరు, పెళ్ళి ఊరేగింపు, ఏదీ అడ్డం రాని రోడ్డు మీద ఒక్కసారి కాలు పూర్తిగా నొక్కాలి. అంతే. ఆయన జీవితమంతా ఇతరుల ఇంజన్లు స్టార్టు చేసి, శబ్దం విని, ఆపి, అప్పజెప్పడంతోనే సరిపోయింది. పవర్ టిల్లరు మీద ఎంత నొక్కినా ఏం ఒరుగుతుంది?

విజయనగరం అవతల ఒక లేఅవుట్ ఉంది. ప్లాట్లు అమ్ముడుపోలేదు గాని తారు రోడ్లు మాత్రం అద్దంలా వేశారు. ఇళ్ళు లేవు, జనం లేరు, ఎటు తిరిగినా నల్లటి రోడ్డే. మోటారు పిచ్చి ఉన్న కొందరు కుర్రాళ్ళు అక్కడ ఏటా ఒకరోజు పోటీ పెడుతున్నారని బావ ఫోనులో చూశాడు. ఇంట్లో కట్టుకున్న బుల్లి కార్లకి. ఒక్కో కారూ ఒంటరిగా తిరగాలి, గడియారం చూస్తారు. నియమం ఒకటే గట్టిది: కారూ నడిపే మనిషీ కలిపి మూడు వందల ఇరవై కేజీలు దాటకూడదు. ఆ నియమం చదివినప్పుడు బావ తన పొట్ట వైపు చూసుకోలేదు. నేను చూశాను.

మొదటి చట్రం గేట్లకి వాడే గొట్టాలతో వేశాడు. ఆయన చేతికి అలవాటైన ఇనుము అదే. వెల్డింగు అయ్యాక ముగ్గురం కలిసి ఎత్తబోతే అది నేల వదలలేదు. మా తమ్ముడు నడుం పట్టుకుని, ఇది రేసు కారేటి బావా రైల్వే గేటేటి అని అడిగాడు. బావ మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగో రోజు దాన్ని ముక్కలు కోసి, సన్నటి గొట్టాలు తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. పాత మోటారు సైకిలు ఇంజను వెనక పెట్టాడు, గొలుసుతో ఇరుసుకి కలిపాడు, స్కూటరు చక్రాలు వేశాడు. మంచానికి అల్లే నవారుతో సీటు అల్లాడు. ఆ అల్లిక మాత్రం నిజంగా బాగుంది. మా ఇంట్లో మంచానికి అంత బాగా ఏనాడూ అల్లలేదు.

ఇక అక్కడి నుంచి ఆయనకి తేలిక పిచ్చి పట్టింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. బ్రేకు పెడలుకి చిల్లులు పెట్టాడు. గేరు కడ్డీకి చిల్లులు పెట్టాడు. చిల్లు పెట్టడానికి చోటు లేని చోట ఆకురాయితో గీకి పలచన చేశాడు. నేను పిండి తూచుకునే చిన్న త్రాసు షెడ్డులోకి వెళ్ళి నట్లు, బోల్టులు తూచింది. తిరిగొచ్చాక నా గోధుమ పిండి గ్రీజు వాసన వేసింది. ఒక ఉదయం వంటింట్లో నా అట్లకాడ చేతిలోకి తీసుకుని కళ్ళు చికిలించి బరువు అంచనా కడుతున్నాడు. లాక్కుని ఆ అట్లకాడతోనే బయటికి సాగనంపాను.

మా అత్తకి భయం పట్టుకుంది, కొడుకు ఆ బొమ్మలో కూర్చుని చచ్చిపోతాడని. మాది తాతల నాటి నుంచీ బాప్టిస్టు సంఘం. ఆవిడ పాస్టరుగారిని పిలిపించి కారు మీద ప్రార్థన చేయించింది. ఆయన మంచి మనిషి, చక్కగా ప్రార్థించారు. అక్కడితో టీ తాగి వెళ్ళిపోతే బాగుండేది. లోపల ఎలా ఉంటుందో చూస్తానని కూర్చున్నారు. కూర్చున్నవారు లేవలేకపోయారు. చివరికి స్టీరింగు విప్పి బయటికి లాగవలసి వచ్చింది. ఇరుక్కున్నంతసేపూ ఆయన లోపల చేసుకున్న ప్రార్థన మొదటిదాని కన్నా చాలా మనస్ఫూర్తిగా సాగింది.

తరవాత నా చీర పోయింది. పొందూరు ఖద్దరు చీర, సన్న నూలు, మడత పెడితే అరచేతిలో ఇమిడేది. నాకున్న మంచి చీర అదొక్కటే. కారు ముందు భాగానికి రేకు వేస్తే బరువట. గుడ్డ పరిచి, మత్స్యకారులు ఫైబరు పడవలు అతికే జిగురు పూస్తే అట్టలా గట్టిపడుతుందట, కాగితమంత తేలికగా ఉంటుందట. నన్ను అడగలేదు. నేను రణస్థలం వైపు ఒక మోటారు దించి వచ్చేసరికి నా చీర కారు ముక్కు మీద ఎండుతోంది.

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోరు. ఆయన తల వంచుకుని విన్నాడు. నీ చీర కన్నా తేలికైన గుడ్డ ఈ జిల్లాలో లేదని మాత్రం గొణిగాడు. నేను దగ్గరికెళ్ళి చూశాను. ఎర్రంచు ఎక్కడా చిట్లకుండా, ముడత పడకుండా, ముక్కు చుట్టూ బొట్టు పెట్టినట్టు తిప్పి అతికాడు. నా జాకెట్టు కుట్టిన దర్జీ కూడా అంచుని అంత ప్రేమగా పట్టుకోలేదు. తిట్టాల్సింది ఇంకా చాలా మిగిలి ఉంది గాని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రాత్రి మాత్రం అన్నంలోకి ఉల్లిపాయ, పచ్చడి తప్ప ఏమీ వండలేదు.

కారులో తీయగలిగిందంతా తీసేశాక బరువంతా ఒక్కచోటే మిగిలింది. ఆ సంగతి అందరికీ తెలుసు, అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్న సామెత నాలుక చివరిదాకా వచ్చినా మింగేదాన్ని. మా తమ్ముడే ఒకనాడు అనేశాడు, బావా కారుకి పెట్టిన చిల్లులు చాలు, ఇక నీకే పెట్టాల అని. బావ ఉడుక్కున్నాడు. మర్నాటి నుంచీ అన్నం మానేసి చోడంబలి తాగుతానని ప్రకటించాడు. తాగాడు కూడా. మా అందరి ఎదుటా చెంబెడు అంబలి తాగి, మూతి తుడుచుకుని, సాయంత్రం స్టేషను రోడ్డులో పకోడీల బండి దగ్గర నిలబడేవాడు. నేను గూడ్సు బండిలో వస్తూ చూశాను. ఆయన నన్ను చూసి పొట్లం వెనక దాచాడు. ఆ పొట్లం దాచేంత వెడల్పు వీపు ఆయనది.

కారుని పరీక్ష చేయడానికి నౌపడ తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ ఉప్పు మళ్ళ పక్కన గట్టి మట్టి దారి ఉంది, తిన్నగా సాగుతుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కారు నడుస్తున్నప్పుడు చక్రాలు ఎలా కూర్చుంటున్నాయో, గొలుసు ఎలా తిరుగుతోందో లోపల కూర్చున్నవాడికి కనిపించదు. కట్టినవాడు బయట నిలబడి చూడాలి. అందుకని ప్రతిసారీ నన్ను లోపల కూర్చోబెట్టి, ఆయన పక్కన పరిగెత్తేవాడు. నేను మెల్లగా పోనిస్తుంటే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, వంగి చక్రాల వైపే చూస్తూ, రొప్పుతూ పరిగెత్తేవాడు. ఆపమంటే ఆపేదాన్ని. పడుకుని ఏదో బిగించి మళ్ళీ పోనిమ్మనేవాడు. నువ్వూ ఒకసారి ఎక్కి చూడవయ్యా అంటే, రేసు నాడు నేనే కదా నడిపేది, అప్పుడు చూసుకుంటాను అనేవాడు. పండగ నాడే కట్టుకుంటానని కొత్త బట్ట పెట్టెలో దాచుకునే రకం.

ఇక తూకం. మా తమ్ముడు రైసు మిల్లులో కాటా దగ్గర పని చేస్తాడు. వచ్చిన ధాన్యం బస్తా కాటా మీద పడగానే ముల్లు చూసి అంకె కేకేయడం వాడి పని. గొంతు అదీ బాగుంటుంది, రెండు వీధులకి వినిపిస్తుంది. ఒక ఆదివారం మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు కారుని అక్కడికి తోలుకెళ్ళాం. నాలుగు కాటాలు సమానంగా పరిచి ఒక్కో చక్రం ఒక్కో కాటా మీద ఎక్కించాం. బావ హెల్మెట్ పెట్టుకుని లోపల దూరి ఊపిరి బిగబట్టాడు. ఊపిరి బిగబడితే బరువు తగ్గదయ్యా అన్నాను. వినలేదు. మా తమ్ముడు ఒక్కో కాటా దగ్గరా వంగి, ముల్లు చూసి, మిల్లులో కేకేసినట్టే కేకేశాడు. నేను గోడ మీద సుద్దతో రాసి కూడాను. మూడు వందల పద్దెనిమిది వచ్చింది.

బావ లోపల నుంచి లేవలేక, ఉన్నచోటే రెండు చేతులూ పైకెత్తాడు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి. మా పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు, ఆ మాట ఆయనకి అప్పుడే చెప్పాను. సాయంత్రం పకోడీలు ఆయనే తెచ్చాడు, ఇంటికి, బహిరంగంగా.

పోటీ రోజు తెల్లారగానే కారుని గూడ్సు బండి మీద కట్టి బయల్దేరాం. బండి నేను నడిపాను, పక్కన బావ, వెనక కారుతోపాటు మా తమ్ముడు. లేఅవుట్ ముఖద్వారం పెద్ద కమాను, రంగులు వెలిసిపోయాయి. మెయిన్ రోడ్డు నుంచి అక్కడికి వాలుగా మట్టి రోడ్డు ఎక్కాలి. వాహనాలన్నీ కిందే ఆపాలన్నారు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టారు: పోటీ రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా రేసు కారు ఇంజను స్టార్టు చేయకూడదు, తోసుకునే రావాలి. వాళ్ళిద్దరూ తోశారు, స్టీరింగు నేను పట్టుకున్నాను. లోపల రకరకాల కార్లు. ఇంజనీరింగు పిల్లలు కట్టినవి, గ్యారేజీ వాళ్ళవి. మా కారు ముక్కు మీద ఎర్రంచు చూసి ఒక కుర్రాడు ఫొటో తీసుకున్నాడు. అది నా చీర బాబూ అని చెప్పాను. వాడు నమ్మలేదు.

తూచే దగ్గర నిర్వాహకుడొకడు, సన్నగా రెల్లు పుల్లలా ఉన్నాడు, కళ్ళజోడు. వాళ్ళ కాటాలు కొత్తవి, అంకెలు తెర మీద పడతాయి. బావ హెల్మెట్ పెట్టుకుని దర్జాగా దూరి కూర్చున్నాడు. తెర మీద మూడు వందల ఇరవై ఎనిమిది పడింది.

బావ మీ కాటా తప్పన్నాడు. ఆ కుర్రాడు తొణక్కుండా, ఇరవై కేజీల బరువు గుండు పెట్టి చూపించాడు. సరిగ్గా ఇరవై చూపించింది. మళ్ళీ తూచాడు, మళ్ళీ అదే. బావ లోపల నుంచే మెడ తిప్పి మా తమ్ముడి వైపు చూశాడు. నేనూ చూశాను. వాడు నేల వైపు చూస్తున్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. మిల్లులో బస్తా కాటా మీద పడితే ఉన్న బరువు ఎవడూ కేకేయడు. సంచి బరువని, తేమ అని, తాలు గింజలని, ఇంత తరుగు తీసేసి మిగిలిందే కేకేస్తారు. వాడు ఏళ్ళ తరబడి ముల్లు మీద ఒక అంకె చూసి నోటితో ఇంకో అంకె చెబుతున్నాడు. ఇప్పుడు వాడికి మొదటి అంకె కళ్ళకి కూడా కనిపించదు.

"ఒరే, కారుకి తరుగు తీసేవేట్రా?" అని అడిగాను.

"తీయకుండా ఎలగ సెప్తానప్పా, నోటికి అలవాటైపోనాది" అన్నాడు వాడు. గొంతు రెండు వీధులకి కాదు, నాకే సరిగా వినిపించలేదు.

నాలుగు చక్రాలు, నాలుగు కాటాలు, నాలుగుసార్లు తరుగు. సంచి లేని కారుకి సంచి బరువు, ఇనుముకి తేమ, మా ఆయనకి తాలు. శ్రీకాకుళం జిల్లా రైతుల ఉసురంతా ఆ రోజు మా ఇంటికే తగిలింది. అన్యాయం ఏమిటంటే బావదీ రైతు కుటుంబమే. వాళ్ళ నాన్న ఆ తరుగు మీద మిల్లువాళ్ళతో కొట్లాడి కొట్లాడి పోయాడు.

తిట్టడానికి టైము లేదు. మా వంతు వచ్చేలోగా ఎనిమిది కేజీలు తగ్గాలి. బూట్లు తీశాడు. బెల్టు, వాచీ, మెడలో గొలుసు తీశాడు. చొక్కా, ప్యాంటు తీశాడు. అక్కడున్న వాళ్ళందరూ ఒకసారి అటు తిరిగి, మర్యాదగా ఇటు తిరిగారు. ట్యాంకులో పెట్రోలు రెండు రౌండ్లకి చాలినంత ఉంచి మిగతాది సీసాలోకి దించాం. ఆయన పొదల్లోకి వెళ్ళొచ్చాడు. ముక్కు విప్పేద్దామా అన్నాడు తమ్ముడు. దాని బరువు అరకేజీ కూడా ఉండదు, దాని జోలికొస్తే నీ ముక్కు విప్పుతానన్నాను. మళ్ళీ తూచారు. ఇంకా మూడు కేజీలు ఎక్కువ.

ఇక ఆయన ఒంటి మీద నిక్కరు తప్ప తీయడానికేం లేదు. అక్కడ నిలబడ్డాడు, చెప్పుల్లేకుండా, తారు మీద కాళ్ళు కాలుతుంటే ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూ. అంత మనిషి, అంత చిన్నగా అయిపోయాడు. ఆ మూడు కేజీల కోసం తూచే కుర్రాడితో గొడవ పెట్టుకున్నాను. మూడు కేజీలంటే అప్పుడే పుట్టిన పసిబిడ్డ బరువంత కూడా లేదని, మనిషి ఇంత దూరం వచ్చాడని, కాస్త చూసీ చూడనట్టు పొమ్మని అడిగాను. ఆ కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. ఒకరికి వదిలితే అందరికీ వదలాలండీ అన్నాడు. నిజమే అన్నాడు. తిట్టడానికి లేకుండా మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు. లైసెన్సు ఉన్న వేరే ఎవరైనా నడపవచ్చని మాత్రం చెప్పాడు.

మా తమ్ముడు బావ కన్నా ఒక బస్తా ఎక్కువే. ఇంకెవరున్నారు? ముగ్గురూ నా వైపు చూశారు. పక్క కారు వాడొకడు, ఆడాళ్ళు కూడా నడపొచ్చా అని అడిగాడు. కాటాకి ఆడా మగా తెలుస్తాదేటి అన్నాను. వాడు తన కారు కింద దూరాడు.

అబద్ధం ఎందుకు, నాకు ఎక్కాలని ఉంది. నౌపడ దారి మీద మెల్లగా పోనిచ్చిన ప్రతిసారీ నా కుడి కాలు నన్ను బతిమాలేది. కాని అది ఆయన కాలు నొక్కవలసిన చోటు. దాని కోసమే ఆయన రెండేళ్ళు ఆ షెడ్డులో బొబ్బలెక్కిన చేతులతో తిరిగాడు. మళ్ళీ వద్దాం, వచ్చే ఏడాది నువ్వు తగ్గాక వద్దాం, ఇంటికి పోదాం పద అన్నాను.

ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు. గుండీలు తప్పు కాజాల్లో పెడుతున్నాడు.

"నానెక్కితే ఇది తిరగదు. నువ్వెక్కితే తిరుగుతాది. ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. ఆయన హెల్మెట్ నా తలకి బిందెలా ఉంటే తన తువ్వాలు మడిచి లోపల కూరాడు. పట్టీలు తనే బిగించాడు, గట్టిగా, ఊపిరాడనంత గట్టిగా. మూడో గేరు వెయ్యడానికి భయపడకు అన్నాడు. అంతే. రోడ్డు పక్క తాడు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, చక్రాలు కనిపించేలా కాస్త వంగి.

మొదటి రౌండు గూడ్సు బండిలా నడిపాను. రెండో రౌండులో పొడుగాటి రోడ్డు వచ్చింది. రెండు పక్కలా ప్లాటు నంబర్ల రాళ్ళు, ఎదురుగా ఏమీ లేదు. మేక లేదు. కాలు మొత్తం నొక్కాను. ఇంజను వెనక నుంచి అరిచింది, నవారు సీటు నా వీపుని పట్టుకుంది, రాళ్ళన్నీ కలిసి ఒక తెల్లగీతైపోయాయి. మూడో గేరు వేశాను. అమ్మ దొంగా, అది ఇంకా లాగింది. మలుపులో వెనక చక్రాలు జారాయి, నేను యేసయ్యని పిలిచేలోపు అవే సర్దుకున్నాయి. నేను హెల్మెట్ లోపల బూతులు తిడుతున్నాను, నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఏది ఎప్పుడో తెలియదు. ఆ సుఖం ఇదీ అని ఇంకెవరికీ చెప్పలేను. గీత దాటాక కూడా ఆపబుద్ధి కాలేదు.

గెలవలేదు. ఇంజనీరింగు పిల్లలు గెలిచారు. మేం మధ్యలో ఎక్కడో ఉన్నాం. అది ఎవరూ పట్టించుకోలేదు, మా తమ్ముడు తప్ప. వాడు అప్పుడే మాకన్నా వెనకబడ్డ వాళ్ళ పేర్లు కేకేస్తున్నాడు, ఈసారి తరుగు లేకుండా.

బావ వచ్చి పట్టీలు విప్పాడు. టైము అడగలేదు.

"ఎలగున్నాది?" అన్నాడు.

నోరున్న ఆడదాన్నని మా రెండు వైపుల బంధువులూ ఒప్పుకున్నారు. ఆ ప్రశ్నకి మాత్రం మాట తూచుకోవలసి వచ్చింది. బాగుందంటే ఆయన పోగొట్టుకున్నది ఎంతో ఆయనకి తెలిసిపోతుంది. బాగాలేదంటే ఆయన కట్టింది బాగాలేదన్నట్టు. ఏది చెప్పినా మనిషికి తగులుతుంది. హెల్మెట్ తీసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆయన కళ్ళలోకి చూశాను. అబద్ధం చెబితే పిరికి పని అవుతుందనిపించింది.

"శానా బాగున్నాది బావా" అన్నాను. "మూడో గేరులో లాగుతాది సూడు, నా పేనం ఎనకే ఉండిపోనాది. మలుపులో జారి, దానంతటదే సర్దుకున్నాది."

"దానంతటదే?"

"దానంతటదే. నువ్వు బాగా కట్టేవు."

ఆయన తలూపాడు. మళ్ళీ తలూపాడు. నా చేతిలో తువ్వాలు తీసుకుని, అందరూ చూస్తుండగా, మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి ఆనందంగా ఉందో బాధగా ఉందో నాకు తెలుసు, రెండూ ఉన్నాయి. నాకు ఆ మూడు కేజీల మీద, కాటా మీద, మా తమ్ముడి నోటి మీద, పకోడీల బండి మీద, ఒకేసారి కోపం వచ్చింది.

ఎండ వాలాక కారుని కింద ఉన్న మా బండి దాకా తోసుకెళ్ళాలి. అలవాటుగా ఆయన వెనక్కి వెళ్ళి తోయడానికి వంగాడు. ఆయన్ని లేపాను. నువ్వు కూకో అన్నాను. ఎందుకే అన్నాడు. కూకోమంటే కూకో అన్నాను. ఆయన కాళ్ళు ముందు, పొట్ట తరవాత, నానా తంటాలు పడి దూరాడు. మా తమ్ముడూ నేనూ వెనక చేరాం. ఇంజను ఆపి ఉంది. అయినా ఆయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, నడుం నిలిపి కూర్చున్నాడు.

తోశాం. బరువు గురించి నేను మళ్ళీ చెప్పను. నా నడుం విరిగింది. పక్కన నిలబడి నవ్వుతున్న వాళ్ళతో ఏటి సూస్తన్నారు, మీ ఇంట్లో మొగుళ్ళు లేరేటి అన్నాను. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి వాళ్ళూ చెయ్యి వేశారు. కమాను దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి గేరు కడ్డీ మీదికెళ్ళడం చూశాను. క్లచ్చి తొక్కిపెట్టి ఒకటి వేశాడు. రెండు వేశాడు. ముందు వాలు మొదలైంది, నేల పట్టు వదిలింది, నా చేతుల కింద కారు తేలికైంది.

బ్రేకు తొక్కమని మా తమ్ముడు అరిచాడు. నేను చేతులు తీసేశాను, వాణ్ణీ తీయమన్నాను. ఆ వాలులో కారు తనంతట తాను పోయింది, చప్పుడు లేకుండా, అంత బరువుతో, ఇంకా ఇంకా వేగంగా. ఆయన బ్రేకు వెయ్యలేదు. కింద మా బండి దాటి, మట్టి రోడ్డు చివర చదునులోకి పోయి, మెయిన్ రోడ్డుకి ఇవతల ఆగింది.

మేం పరిగెత్తుకుంటూ దిగాం. ఆయన ఇంకా లోపలే ఉన్నాడు, స్టీరింగు వదల్లేదు. మొహం నిండా దుమ్ము, కళ్ళు మెరుస్తున్నాయి. నన్ను చూసి, అవునే, నువ్వు చెప్పింది నిజమే అన్నాడు.

"మూడో గేరులో బాగా లాగుతన్నాది."

ఇంజను ఆపేసి ఉందని నేను గాని, మా తమ్ముడు గాని అనలేదు.